ఇదేం మొక్క అని అడిగే ముందు ఆకు చూడండి

నాకు వాట్సాప్‌లో వచ్చే మొక్కల ఫొటోలు దాదాపు అన్నీ పువ్వు ఫొటోలే. బాగా దగ్గరగా జూమ్ చేసి, రేకులు తప్ప ఇంకేం కనిపించకుండా తీసి, కింద "ఇదేం మొక్కండీ?" అని అడుగుతారు. కంటికి ముందు ఆనేది పువ్వే, అందులో తప్పేం లేదు. కానీ తెల్లగా అయిదు రేకుల పువ్వు పూసే మొక్కలు మన వీధిలోనే అరడజను ఉంటాయి, పైగా చాలా మొక్కలు ఏడాదిలో కొన్ని నెలలే పూస్తాయి, మిగతా కాలమంతా వాటికి ఉండేది ఆకూ కొమ్మే. అందుకే నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే. ఆకు కొమ్మకి అతికిన చోట ఫొటో తీసి పంపండి, గిల్లితే పాలు వస్తున్నాయా చూసి చెప్పండి.

మన ఇళ్ళ ముందు, అపార్ట్‌మెంట్ కాంపౌండ్లలో, గుళ్ళలో, రోడ్డు డివైడర్ల మీద రోజూ కనిపించే పొదలు, తీగలు, పూలమొక్కలు ఎలా గుర్తుపట్టాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. దీనికి బోటనీ చదవక్కర్లేదు. కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా జంటగా వచ్చాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా, మూడేసి వచ్చాయా అన్నది ముందు చూడండి. తర్వాత ఆకు గిల్లి పాలు కారుతాయేమో చూడండి. ఆ తర్వాత నలిపి వాసన చూడండి, వేలితో తడిమి నునుపా గరుకా చూడండి. ఇంకొక్క సంగతి, మీరు చూస్తున్నది ఒక ఆకా లేక ఆకులో ఒక ముక్కా అన్నది తేల్చుకోవాలి. కరివేపాకు రెబ్బ మొత్తం నిజానికి ఒకటే ఆకు, దాని మీద మనం ఒక్కొక్కటిగా తుంచేవి చిరు ఆకులు. ఎలా తెలుస్తుందంటే, నిజమైన ఆకు కాడ కొమ్మకి అతికే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది, లేదా అక్కణ్ణుంచి కొత్త కొమ్మ లేస్తుంది. చిరు ఆకుల దగ్గర అలాంటిది ఎప్పుడూ ఉండదు.

గన్నేర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే వీటి దగ్గర పొరపాటు పడితే ప్రాణం మీదకి వస్తుంది. హైవే డివైడర్ల మీద గులాబీ రంగు, తెలుపు, ఎరుపు పూలతో కిలోమీటర్ల కొద్దీ కనిపించేది అసలు గన్నేరు. కణుపుకి మూడేసి ఆకులు, పొడుగ్గా, దళసరిగా, మధ్యలో లావుపాటి ఈనె, ఆ ఈనె నుంచి అంచుదాకా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు పక్కపక్కన దగ్గర దగ్గరగా. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, మేకలూ పశువులూ ముట్టుకోవు, అందుకే రోడ్ల మీద అదే నాటుతారు. అవి ముట్టుకోకపోవడానికి కారణం విషం. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిట్లోనూ గుండె లయని దెబ్బతీసే పదార్థాలు ఉన్నాయి. కత్తిరించిన గన్నేరు కొమ్మల్ని పొయ్యిలో పెట్టడం, చలిమంటకి వాడడం అస్సలు చెయ్యకండి, ఆ పొగ కూడా మంచిది కాదు.

పచ్చగన్నేరు దీనికి చుట్టమే కానీ వేరే మొక్క, మెక్సికో వైపు నుంచి వచ్చింది. దీని ఆకు ఇంకా సన్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది, కణుపుకి మూడు చొప్పున రాకుండా కొమ్మ చుట్టూ మెలి తిరుగుతూ ఒక్కొక్కటిగా వస్తుంది. గిల్లితే తెల్లటి పాలు బొటబొటా కారతాయి. పువ్వు పసుపు రంగు గంటలా, అంచులు సగమే విచ్చుకుని ఉంటుంది, శివుడి పూజకి కోసుకెళ్తారు. కాయ ఆకుపచ్చగా ఉండి, పండితే నల్లబడుతుంది, లోపల గట్టి టెంక. ఆ టెంకలో గింజ చాలా ప్రమాదకరం. పిల్లలు ఆడుకునే చోట, స్కూలు ప్రహరీ పక్కన ఈ చెట్టు ఉంటే కాయలు రాలకముందే ఎప్పటికప్పుడు కోసి పారెయ్యాలి. కొట్టేస్తే ఇంకా మంచిది, నా అభిప్రాయం అదే. ఎవరైనా పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఇంటి చిట్కాలతో ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, వెంట ఒక కొమ్మ కూడా పట్టుకెళ్తే డాక్టర్లకి పని సులువవుతుంది.

దీన్ని చాలామంది టెకోమాతో కలిపేస్తారు. టెకోమా కూడా పసుపు గంటలే పూస్తుంది, అదీ కంచెల పక్కనే పెరుగుతుంది. ఆకు చూస్తే మాత్రం అనుమానమే ఉండదు. టెకోమాది అంచులో రంపపు పళ్ళున్న చిరు ఆకులతో కూడిన పెద్ద ఆకు, అవి ఎదురెదురుగా వస్తాయి, గిల్లితే పాలు రావు. కాయ సన్నగా, పొడుగ్గా ఉండి, ఎండి పగిలితే రెక్కలున్న గింజలు గాలికి ఎగురుతాయి. పాలు లేకపోవడం ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు.

నందివర్ధనం, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, అల్లమండ, ఈ మధ్య కుండీల్లో తెగ కనిపిస్తున్న అడీనియం, ఇవన్నీ కూడా గన్నేరు కుటుంబమే. వీటి పువ్వుల్లో ఒక పోలిక ఉంటుంది. రేకులన్నీ ఒకే వైపుకి ఒరిగి, ఒకదాని అంచు ఇంకోదాని మీదకెక్కి, గాలిమరలా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. మొగ్గలో అయితే ఆ మెలి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పూజకి పూలు కోసేవాళ్ళకి నందివర్ధనం తెలియకుండా ఉండదు కానీ, ముద్ద నందివర్ధనాన్ని మల్లె అనుకునేవాళ్ళని, గార్డీనియా అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఆకు గిల్లండి. పాలొస్తే నందివర్ధనం, రాకపోతే మిగతా రెండిట్లో ఏదో ఒకటి.

దేవగన్నేరులో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాని ఆకు కొన సూదిగా ఉంటుంది, చలికాలం చివరికి ఆకులన్నీ రాల్చేసి బోడి కొమ్మలతో నిలబడుతుంది. రెండోదాని ఆకు కొన గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా ఉండి, ఏడాది పొడవునా ఆకుతోనే ఉంటుంది. గుళ్ళలో పెద్ద వయసు చెట్లు సూదికొన రకం, కొత్త లేఅవుట్లలో గుండ్రకొన రకం ఎక్కువ కనిపిస్తున్నాయి నాకు.

బిళ్ళగన్నేరు గురించి ఒక మాట చెప్పి తీరాలి. మడగాస్కర్ నుంచి వచ్చి మన గోడ పగుళ్ళలో కూడా మొలిచే ఈ చిన్న మొక్కకి ఆకులు ఎదురెదురుగా, మధ్యలో తెల్లటి ఈనెతో ఉంటాయి. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని షుగర్ మందు కోసం పరీక్షిస్తుంటే, షుగర్ సంగతి అటుంచి ఎలుకల్లో తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం గమనించారు. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికి వచ్చింది, దీని నుంచే తీసే విన్‌క్రిస్టిన్‌ని పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు. రక్తకణాల మీద అంత బలంగా పనిచేసే మొక్కని షుగర్ తగ్గుతుందని పొద్దున్నే పరగడుపున నమిలేవాళ్ళు మన బంధువుల్లోనే ఉంటారు. దయచేసి ఆపించండి.

ఇక మల్లెలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపుష్పం మల్లె, మన ఆడపిల్లల జడల్లో ఉండేదీ అదే, అయినా పువ్వు లేనప్పుడు మల్లెకీ జాజికీ తేడా చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. మల్లెది ఒంటి ఆకు, కోలగా, వెడల్పుగా, నిగనిగలాడుతూ ఎదురెదురుగా వస్తుంది, ఈనెలు లోపలికి దిగబడి ఆకు కొంచెం ముడతలు పడినట్టు కనిపిస్తుంది. జాజిది అలా కాదు, ఒక్కో ఆకులో అయిదు, ఏడు, తొమ్మిది చిరు ఆకులు ఉంటాయి, కొసన ఉన్నది మిగతావాటికన్నా పెద్దది. పైగా జాజిమొగ్గ వెనకవైపు లేత గులాబీ ఛాయ ఉంటుంది, మల్లెమొగ్గకి అది ఉండదు. చలికాలంలో మార్కెట్లోకి వచ్చే కాగడాలు ఇంకో రకం, చూడ్డానికి మల్లెలా ఉన్నా వాసన తక్కువ. దాని ఆకుమీద, లేత కొమ్మమీద వేలు పెట్టి చూడండి, మెత్తటి నూగు తగులుతుంది. తమిళులు ముల్లై అనే రకానికి ఆకు మూడు ముక్కలుగా ఉంటుంది కానీ పక్కనున్న రెండూ మరీ చిన్నవి, కొన్నిసార్లు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. సన్నజాజి, విరజాజి అనే పేర్లు ఒక్కో ఊళ్ళో ఒక్కో తీగకి వాడుతుంటారు, కాబట్టి ఎవరైనా సన్నజాజి అంటు ఇస్తామంటే ఆకు ఎన్ని ముక్కలుందో చూసి తీసుకోండి. మల్లెజాతిలో దేనికీ పాలుండవు.

పారిజాతం కూడా మల్లె కుటుంబమే అంటే నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే దాని ఆకు అంత గరుకు. కళ్ళు మూసుకుని తడిమినా చెప్పెయ్యొచ్చు. చెక్కని నునుపు చెయ్యడానికి ఒకప్పుడు ఈ ఆకు వాడేవారు. లేత కొమ్మ గుండ్రంగా కాక నలుపలకలుగా ఉంటుంది, కాయ పల్చటి బిళ్ళలా ఉండి లోపల రెండు గింజలు. వానలు మధ్యకొచ్చేసరికి పూత మొదలై, తెల్లారేసరికి తెల్ల రేకులు, నారింజరంగు కాడతో పూలు నేలంతా రాలి ఉంటాయి, అప్పుడు ఎవరైనా గుర్తుపడతారు. వేసవిలో గుర్తుపట్టాలంటే మాత్రం ఆ గరుకే దిక్కు. నైట్ క్వీన్ పేరుతో నర్సరీలో అమ్మేది వేరే పొద. ఆకులు ఒకటి విడిచి ఒకటి, ఆకుపచ్చ కలిసిన తెల్లటి సన్న గొట్టాల్లాంటి పూలు, రాత్రి వాసన వీధి చివరిదాకా వస్తుంది. అది వంకాయ, ఉమ్మెత్త ఉన్న కుటుంబం, దాని తెల్లటి కాయలు విషం. రాత్రి పూసి ఫేస్‌బుక్‌లో బ్రహ్మకమలంగా చలామణీ అయ్యేది మాత్రం ఒక కాక్టస్, ఆకులా కనిపించేది దాని కాండమే, పువ్వు ఆ కాండం అంచు నుంచే వస్తుంది. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఎత్తైన చోట పెరుగుతుంది, హైదరాబాద్ బాల్కనీలో పెరగదు. అలాగని మీ ఇంట్లో పూసినదాని అందం ఏమీ తగ్గదు.

మందారం పువ్వు లేకపోయినా సులువే. ఆకులు ఒకటి విడిచి ఒకటి, కింద సగం అంచు నునుపుగా, పై సగం పళ్ళుపళ్ళుగా ఉంటుంది, కాడ దగ్గర నుంచే మూడు ముఖ్యమైన ఈనెలు విడిపోతాయి. నలిపితే జిగురు, తలకి రుద్దుకునేది దానికోసమే. పువ్వు మధ్య నుంచి బయటికి పొడుచుకొచ్చే గొట్టం, దాని మీద పుప్పొడి తిత్తులు, ఇదే అమరిక బెండపువ్వులో, గోంగూర పువ్వులో, పత్తిపువ్వులో కూడా ఉంటుంది, అన్నీ ఒకే కుటుంబం. ఎప్పటికీ విచ్చుకోని ఎర్రటి మిరపమందారం కూడా ఇందులోదే, అది తెగులు కాదు, దాని స్వభావమే అది, మందులు కొట్టకండి.

నూరువరహాలు, లాంటానా రెండూ చిన్న పూల గుత్తులే కాబట్టి దూరం నుంచి ఒకటే అనిపిస్తాయి. నూరువరహాల పువ్వుకి సరిగ్గా నాలుగు రేకులు, ఆకు నునుపు, వాసనేమీ ఉండదు. రెండు ఆకులు కలిసే చోట మధ్యలో చిన్న మొనదేలిన పొర ఉంటుంది. ఇది కాఫీ కుటుంబం గుర్తు, ఈసారి అరకు వెళ్తే కాఫీ మొక్క కణుపు దగ్గర కూడా చూడండి, అదే పొర కనిపిస్తుంది. లాంటానా కొమ్మ నలుపలకలుగా, సన్న ముళ్ళతో, ఆకు గరుగ్గా, నలిపితే ఘాటు వాసన. ఒకే గుత్తిలో పసుపు, గులాబీ, నారింజ ఉంటాయి. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకి అందం కోసం తెచ్చారు, ఇప్పుడు అడవుల్ని ఆక్రమించేసింది. ఇంట్లో నాటుకోవద్దు.

కనకాంబరం, డిసెంబరాలు ఒకే కుటుంబం. రెండిటికీ ఆకులు ఎదురెదురుగా. కనకాంబరం పూలు నిలువు కంకి నుంచి వరసగా విచ్చుకుంటాయి, కంకి ఎండాక దాని మీద చినుకు పడితే కాయలు టప్‌మని పేలి గింజలు దూరంగా పడతాయి, వేసవి చివర్లో ఒకసారి పిల్లలకి చూపించండి. డిసెంబరాల్ని వేసవిలో గుర్తుపట్టడం కష్టం, మామూలు కలుపు మొక్క అనుకుని పీకేస్తారు. పసుపు పూలు పూసి, కణుపుల దగ్గర పొడుగాటి ముళ్ళుండే ముళ్ళగోరింట కూడా దీని తోబుట్టువే. గోరింటాకు మాత్రం వీటికి ఏమీ కాదు.

తెలంగాణ రాష్ట్రపుష్పం తంగేడు గురించి బతుకమ్మ రోజుల్లో ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పసుపు పూలు పూసే అదే జాతి పొదలు రోడ్ల పక్కన చాలా నాటారు, ఊళ్ళకి దూరమైన పిల్లలు వాటినే కోసుకొస్తున్నారు. అసలు తంగేడుకి ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా చెవుల్లా గుండ్రటి పెద్ద ఆకుతునకలు ఉంటాయి. అవి ఉంటే తంగేడే. చిరు ఆకుల జంటల మధ్య నిక్కబొడుచుకున్న చిన్న గ్రంథులు కూడా కనిపిస్తాయి, కాయ చదునుగా కాగితంలా ఉంటుంది. తోళ్ళు పదును చెయ్యడానికి దీని బెరడు వాడేవారు.

తీగల దగ్గరకొస్తే నేను ముందు చూసేది అది దేన్ని పట్టుకుని ఎక్కుతోంది అన్నది. శంఖుపుష్పం, కాశీరత్నం తమ కాండాన్నే కర్ర చుట్టూ చుట్టుకుంటాయి. శంఖుపుష్పానిది అయిదో ఏడో చిరు ఆకులున్న ఆకు, చిక్కుడు కుటుంబం కాబట్టి సన్నటి చదును కాయలు. కాశీరత్నం ఆకు దారపు పోగులుగా చీలి ఉంటుంది, అలాంటి ఆకున్న తీగ ఇంకోటి మన పెరళ్ళలో చూడలేదు. కృష్ణకమలానికి ఆకు మూలలోంచి నులితీగ, అంటే ఆసరాని చుట్టుకునే సన్నటి పోగు, వస్తుంది. కౌరవ పాండవ పువ్వు అని పిలిచేది దీన్నే, చుట్టూ బోలెడు పోగులు, మధ్యలో అయిదు కేసరాలు, పైన మూడు కొనలు. గులాబీ రంగు గుత్తుల ఆంటిగోనన్‌కి నులితీగ పూలగుత్తి చివర ఉంటుంది. నాభి (అగ్నిశిఖ) తీగకి ఏకంగా ఆకు కొసే నులితీగ అయిపోతుంది. అగ్గి రంగులో వెనక్కి మడతపడిన రేకులు చూసి ముచ్చటపడి దుంప తవ్వి తెచ్చుకునేవాళ్ళు జాగ్రత్త, ఆ దుంప తింటే చంపేంత విషం, అందులో ఉండేది కాల్చిసిన్.

రాధామనోహరం నాకు అన్నిటికన్నా ఇష్టమైన తీగ. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు. పొడుగు తొండం ఉన్న రాత్రి చిమ్మెటలు ఆ తెలుపుకీ వాసనకీ వస్తాయి, రంగు మారాక పగటిపూట తేనెటీగలూ పిట్టలూ వస్తాయి. ఇంత వివరం పువ్వుదే అయినా దీన్నీ ఆకులేని కాలంలో గుర్తుపట్టొచ్చు, ఆకు రాలిపోయాక కాడ మొదలు కొమ్మకే అంటుకుని గట్టిపడి ముల్లుగా మారుతుంది. దాని ఆసరాతోనే పైకి పాకుతుంది. కడియం వైపు నర్సరీల్లో అడిగితే మధుమాలతి, మాలతి, మాధవి అని రకరకాల పేర్లతో ఇదే చేతిలో పెడతారు. అసలు మాధవీలత మన దేశపు తీగే, కానీ పూర్తిగా వేరు. రేకుల అంచులు చీలికలుగా ఉంటాయి, తెల్లటి అయిదు రేకుల్లో ఒకదాని మీదే పసుపు మచ్చ, కాయకి మూడు రెక్కలు.

కాగితం పూలకి కొమ్మ పక్కన ఆకు మూలలోంచి ముల్లు, దాని ఊతంతో గోడ ఎక్కుతుంది. రంగురంగులవి పువ్వులు కావు, రంగుమారిన ఆకులు, అసలు పువ్వు వాటి మధ్యలో తెల్లటి సన్న గొట్టం. తిప్పతీగ పువ్వు కోసం పెంచేది కాదు కానీ కరోనా రోజుల్లో అందరూ కషాయానికి వెతికారు కాబట్టి చెప్తున్నాను. హృదయాకారపు ఆకు చూసి మాత్రం నమ్మొద్దు, అలాంటి ఆకులున్న తీగలు చాలా ఉన్నాయి. కాండం మీద బుడిపెలు, పైన పల్చగా ఊడొచ్చే పొర, పై నుంచి దారాల్లా వేలాడే వేళ్ళు, అడ్డంగా కోస్తే మధ్య నుంచి అంచుకి గీతలు, ఇవన్నీ ఉండాలి. అన్నీ ఉన్నా డాక్టర్ని అడక్కుండా రోజూ తాగేది కాదది.

ఫోన్లో గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్ లాంటివి వాడండి, మంచివే. ప్లాంట్‌నెట్‌లో ఆకు, పువ్వు, కాయ, బెరడు విడివిడిగా ఫొటోలు ఇవ్వొచ్చు, అలా ఇస్తే జవాబు చాలా మెరుగ్గా వస్తుంది. అది చూపించిన మొదటి పేరు దగ్గరే ఆగకుండా, పైన చెప్పిన గుర్తులు మీ మొక్కకి ఉన్నాయో లేవో మీరే సరిచూసుకోండి, తినేదైతే మరీ. నాకు పంపేవాళ్ళు మొక్క మొత్తం ఒకటి, కణుపు దగ్గరగా ఒకటి, ఆకు వెనకవైపు ఒకటి, పువ్వో కాయో ఉంటే అదొకటి పంపండి, ఏ ఊళ్ళో ఏ నెలలో తీశారో రాయండి. పాలున్న మొక్క గిల్లితే చెయ్యి కడుక్కున్నాకే కన్ను తుడుచుకోండి.